మన పెరట్లో కూరగాయలు: పెంచడం, వండడం

హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థి ఏడాదిలో ఇంటి దగ్గర ఉండేది మహా అయితే రెండు రెండున్నర నెలలు. ఏప్రిల్ నెలాఖరు నుండి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు, దసరాకు కొన్ని రోజులు, సంక్రాంతికి కొన్ని రోజులు. ఆ రోజుల్లో ఇంట్లో తిండి ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అమ్మానాన్నలు తెల్లవారగానే మిరపతోటకో పత్తిచేనుకో కూలికి పోతారు. పొద్దున వండిన అన్నమే రాత్రికీ సర్దుకుంటారు. కూరగాయలంటే వారానికోసారి సంతలో కొన్నవే. మొదటి మూడు రోజులు వంకాయ, టమాట, బెండకాయ కనిపిస్తాయి. మిగతా నాలుగు రోజులు చింతపండు పులుసూ ఊరగాయే. ఆ నాలుగు రోజుల ఖాళీని పెరట్లో పూడ్చుకోవచ్చు. సెలవులకు ఇంటికెళ్ళే పిల్లలు తలచుకుంటే అయ్యే పని ఇది. ఈ హాస్టల్లో చదివి వెళ్ళిన మేము కొందరం మా ఇళ్ళ దగ్గర చేసి చూసినవి, పెద్దవాళ్ళ దగ్గర తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ముందు కొంచెం లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం మనిషి రోజుకు కనీసం 300 గ్రాముల కూరగాయలు తినాలి. అందులో ఆకుకూరలు 50 గ్రాములు, దుంపలు 50 గ్రాములు, మిగతా కూరగాయలు 200 గ్రాములు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ఆకుకూరలే 100 గ్రాములు కావాలి. నలుగురున్న ఇంటికి రోజుకు కిలో రెండు వందల గ్రాములు, వారానికి ఎనిమిది కిలోల పైమాట. సంత నుండి ఎనిమిది కిలోల కూరగాయలు మోసుకొచ్చే కూలి ఇల్లు మన ఊళ్ళలో ఎన్ని ఉంటాయి? 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులోనే టమాట కిలో వంద రూపాయలు దాటింది. అలాంటి నెలల్లో సంత సంచి మరీ తేలికవుతుంది.

ఇంకో లెక్క. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది అని తేలింది. అంటే మన అమ్మలు, అక్కలు, చెల్లెళ్ళలో సగం మందికి పైనే. మనది మగపిల్లల హాస్టల్ కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది. హాస్టల్లో మనకు గుడ్డు పెడతారు, పప్పు పెడతారు, సాంబారు పోస్తారు (అందులో ముక్క దొరకడానికి గరిటె ఎన్నిసార్లు తిప్పాలన్నది వేరే సంగతి). ఇంటి దగ్గరున్న చెల్లెలికి ఆ పాటి వరస కూడా ఉండదు. ఆకుకూరలు తింటే చాలు, రక్తహీనత పోతుందని మేము చెప్పడం లేదు. ఆస్పత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మింగాల్సిందే. కానీ రోజూ కంచంలో ఆకు లేకుండా మాత్రల మీదే బతకడం ఎవరివల్లా కాదు.

"మాకు స్థలమెక్కడిది?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన కాలనీల్లో ఇంటి స్థలం రెండు సెంట్లు, మూడు సెంట్లు. సెంటు అంటే 48 గజాలకు కొంచెం పైన. ఇల్లు, స్నానాల గది, జాలాడి, గేదె ఉంటే దాని గుంజ పోను మిగిలేది నాలుగు మంచాల చోటు. అయితే తీగ కూరలకు నేల మీద కావలసింది పాదు పెట్టే అడుగున్నర చోటు మాత్రమే. మిగతాదంతా అది పైన చూసుకుంటుంది. తాటాకు ఇంటి మీదికి గుమ్మడి తీగ ఎక్కించడం మన తాతల నాటి నుండీ ఉన్నదే. రేకుల ఇల్లయితే ఎండకు తీగ మాడిపోతుంది. రేకు మీద కందికట్టె పరిచి దాని మీద పాకిస్తే వానాకాలం, చలికాలం బాగానే ఉంటుంది, ఇంట్లో సెగ కూడా తగ్గుతుంది. గోడ పక్కన మూరెడు వెడల్పున ఒక మడి ఉంటే తోటకూర, గోంగూర, పాలకూర అందులోనే మార్చి మార్చి వేసుకోవచ్చు. జాలాడి నీళ్ళు పోయే చోట ఒక అరటి పిలక, నాలుగు చామదుంపలు, దడి పక్కన ఒక మునగ, ఒక కరివేపాకు. ఇంతకు మించి మొదటి ఏడాది పెట్టుకోవద్దు. ఆశపడి పది రకాలు వేసిన పెరడు ఆగస్టుకల్లా గడ్డి దొడ్డి అవుతుంది.

హాస్టల్ పిల్లల ఇబ్బంది వేరే ఉంది. విత్తనం వేసి మనం వచ్చేస్తాం. తర్వాత చాకిరీ అంతా కూలి నుండి అలిసి వచ్చిన అమ్మ మీద పడుతుంది. కాబట్టి మన పంటల ఎంపిక ఒకే సూత్రం మీద ఉండాలి: కష్టమున్న పనులు మనం ఉన్నప్పుడు అయిపోవాలి, మనం లేనప్పుడు పొద్దున ఒక బిందె నీళ్ళతో అది బతకాలి.

కష్టమైన పని అంటే గుంతలు తియ్యడం, ఎరువు మొయ్యడం, పందిరి వెయ్యడం, దడి కట్టడం. ఇవన్నీ మే నెల పనులు. పాదుకు అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంత తీసి పదిహేను రోజులు ఎండకు వదిలెయ్యాలి. మట్టిలోని పురుగు గుడ్లు, తెగుళ్ళు చాలావరకు చస్తాయి. మన పల్నాడు నల్లరేగడిలో మే నెలలో గడ్డపార దిగదు. ముందురోజు సాయంత్రం రెండు బిందెలు పోసి నానబెడితే పొద్దున్నే తేలిగ్గా వస్తుంది. తర్వాత బాగా మాగిన దిబ్బ ఎరువు రెండు తట్టలు, పొయ్యి బూడిద ఒక చాట, పైమట్టి కలిపి గుంత నింపాలి. పచ్చిపేడ వెయ్యకూడదు, చెదలు పడతాయి, వేరు కాలుతుంది. నల్లరేగడిలో నీరు నిలిచే గుణం ఉంది కాబట్టి పాదు నేలకన్నా జానెడు ఎత్తుగా ఉండాలి. లేకపోతే జూలై ముసురుకు వేరు కుళ్ళి తీగ ఒక్కరోజులో వడిలిపోతుంది.

పందిరికి, దడికి డబ్బు పెట్టనక్కరలేదు. పత్తి తీసేశాక కట్టెలు, కంది నూర్చాక కట్టెలు ఉండనే ఉంటాయి, రైతునడిగితే కాదనడు. దడి మాత్రం గట్టిగా కట్టాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇదే: మన కాలనీల్లో పెరటి తోటలు నీళ్ళు లేక పోయినవాటికన్నా మేకలు, కోళ్ళు తిని పోయినవే ఎక్కువ. తుమ్మకంపతో నడుమెత్తు దడి, అడుగున కోడి దూరకుండా చిన్న కంప గుచ్చడం, ఇవి అయ్యాకే విత్తనం మాట.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. మన బడులు తెరిచేది దాదాపు ఆ తర్వాతే. ఆ నాలుగు రోజుల్లో బీర, సొర, కాకర, గుమ్మడి, పెరటి చిక్కుడు విత్తనాలు పెట్టేసి రావచ్చు. సొర, కాకర విత్తనాల పెంకు గట్టిది కాబట్టి ఒక రాత్రి నానబెట్టాలి. పాదుకు నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైనవి రెండు ఉంచమని చెల్లెలికో తమ్ముడికో చెప్పి రావాలి. బీర రెండు నెలలకల్లా కాపుకొస్తుంది, సొర ఇంకాస్త ఆలస్యం. చిక్కుడు సంగతి వేరు. పాత రకాల పెరటి చిక్కుడు పగటివేళ తగ్గితే గాని పూయదు. జూన్‌లో పెట్టినా మార్చిలో పెట్టినా దాని పూత చలికాలం ముందే. ఆకులే ఉన్నాయి, కాయ లేదని దసరాకు పీకేసే వాళ్ళను చూశాం. ఆగాలి. సంక్రాంతి సెలవులకు మనం వెళ్ళేసరికి గంపలకొద్దీ కాస్తుంది.

గోంగూర, తోటకూర మడిలో చల్లాలి. తోటకూర విత్తనం ఆవగింజకన్నా చిన్నది, ఇసుక కలిపి చల్లితే సమంగా పడుతుంది. నెల తిరక్కుండానే కోతకు వస్తుంది. మొత్తం పీకకుండా మొదట్లో జానెడు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. ఇంకా తేలిక, తీగబచ్చలి. దాన్ని ఒకసారి జాలాడి పక్కన గుచ్చితే అమ్మ పట్టించుకోకపోయినా బతుకుతుంది. మునగకు కొమ్మ నాటడం పాత పద్ధతి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ పెరియకుళం కళాశాలలో తయారైన పీకేఎం-1 రకం విత్తనంతోనే వస్తుంది, ఆరు నుండి ఎనిమిది నెలల్లో కాయ ఇస్తుంది. మేము మునగను కాయ కోసం కంటే ఆకు కోసం పెట్టమంటాం. నడుమెత్తున తలలు తుంచుతూ ఉంటే ఏడాది పొడవునా ఆకు అందుతుంది.

నీళ్ళ విషయం. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనా మంచివే (గేదె ఉంటే కుడితి దానికే పోతుంది, సరే). అంట్లు తోమిన నీళ్ళు బూడిదతో తోమినవైతే పాదులకు పోయవచ్చు. బట్టల సబ్బు నీళ్ళు మాత్రం అరటికి, చామకు వదిలి మడికి పోకుండా చూడాలి. రోజూ పోసే తీరిక లేని ఇంట్లో ఒక ఉపాయం ఉంది. పాత మట్టికుండ అడుగున చిన్న చిల్లు చేసి గుడ్డపీలిక దూర్చి, పాదు పక్కన మెడ దాకా పాతి నీళ్ళు నింపి మూత పెడితే వేరుకు కొంచెం కొంచెంగా తడి అందుతుంది. రెండు రోజులకోసారి నింపితే చాలు. పాదు చుట్టూ ఎండాకు పరిస్తే ఆ తడి ఇంకా నిలుస్తుంది.

పూత వచ్చి పిందె రాలిపోతోందని చాలామంది బెంగపడతారు. బీర, సొర, గుమ్మడి తీగలకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ముందు మగపూలే వస్తాయి, అవి రాలడం సహజం. ఆడపువ్వు కింద పుట్టుకతోనే బుల్లి పిందె ఉంటుంది. మగపువ్వు పుప్పొడి దానికి చేరకపోతే ఆ పిందె పసుపు పచ్చబడి రాలుతుంది. పురుగుమందులు ఎక్కువైన ఊళ్ళలో తేనెటీగలు తగ్గిపోయి ఈ కష్టం పెరిగింది. అప్పుడు మనమే మగపువ్వు తుంచి ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి, బీర, సొర పూలు సాయంత్రం. జీవశాస్త్రం పాఠంలో పరాగ సంపర్కం బట్టీ పట్టే పదో తరగతి తమ్ముళ్ళు దీన్ని ఒకసారి చేతితో చేస్తే పరీక్షలో మర్చిపోరు.

పురుగు పడితే ఏం చెయ్యాలి? చిక్కుడు మీద పేనుబంకకు పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లడం అందరికీ తెలిసిందే. మిగతావాటికి వేపగింజల కషాయం. వేపపండ్లు రాలేది ఎండాకాలం చివరన, మనం ఊళ్ళో ఉన్నప్పుడే. ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి దాచాలి. లీటరు నీటికి 50 గ్రాముల పప్పు దంచి, గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానేసి, పొద్దున పిండి, చిటికెడు సబ్బు కలిపి ఆ సాయంత్రం చల్లాలి. నిలవ ఉంచితే పనిచెయ్యదు. కాయలో పండు ఈగ పురుగులుంటే ఆ కాయలు పెరట్లో పారెయ్యకుండా లోతుగా పాతెయ్యాలి.

ఇక్కడ ఒక మాట కటువుగానే చెప్పాలి. మిరపతోటలో కొట్టగా మిగిలిన మందును సీసాలో పోసి ఇంటికి తెచ్చి పెరటి వంకాయ మీద చల్లడం మన ఊళ్ళలో ఉంది. అది కూర కాదు, విషం. మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కూరగాయల మీద కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బడిపిల్లలు చనిపోయారు, ఆ వంటనూనెలో కలిసింది ఈ మందే. మందు డబ్బా ఎంత కడిగినా దాంట్లో నూనె పోయకూడదు, నీళ్ళు పట్టకూడదు, విత్తనాలు దాచకూడదు. నాన్న తెస్తే గొడవ పడైనా బయట పెట్టించండి.

మరో జాగ్రత్త సొరకాయ గురించి. ఎప్పుడైనా ఒక కాయ చేదుగా వస్తుంది. ముక్కను నాలుకకు తగిలించి చూసి చేదుంటే మొత్తం పారెయ్యాలి. కారం, పులుపు దట్టించి చేదు చంపుదామనుకోవద్దు, ఆ చేదులో ఉన్న విషపదార్థం ఉడికినా పోదు, వాంతులు, రక్త విరేచనాలు పట్టుకుంటాయి.

దసరా సెలవులకు వెళ్ళినప్పుడు బీరపాదు వయసైపోయి ఉంటుంది. దాన్ని తీసేసి ఆ చోట టమాట, వంగ, మిరప నారు నాటుకోవచ్చు. సంతలో నారు కట్టలు దొరుకుతాయి. సాయంత్రం పూట నాటాలి. మెంతికూర, పాలకూర, కొత్తిమీర చల్లడానికీ అదే మంచి సమయం. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పని తక్కువ, తిండి ఎక్కువ. అప్పుడు చెయ్యవలసింది విత్తనం తియ్యడం. తీగ మీదే ఎండనిచ్చిన సొరకాయ ఊపితే గలగలమంటుంది, అదే గుర్తు. చిక్కుడు, గోంగూర విత్తనాలు కూడా ఎండబెట్టి బూడిద కలిపి కుండలో పోసి పెట్టుకోవాలి. పొట్లాల్లో కొన్న హైబ్రిడ్ కాయ నుండి విత్తనం తీస్తే మరుసటి ఏడాది అదే కాపు రాదు. అందుకే ఒకటి రెండు నాటు రకాలు ఇంట్లో ఉండడం మేలు. అమ్మమ్మ ఊళ్ళో అడిగితే దొరుకుతాయి.

కూరంతా పెరట్లోదే కానవసరం లేదు. మన అమ్మలు కలుపుకు పోయినప్పుడు గంగవాయిల కూర, పొన్నగంటి, చెంచలి కూర కొంగున కట్టుకొచ్చేవాళ్ళు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుండి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఇలా చేలల్లో వాటంతటవే మొలిచే ఆకుకూరల విలువను లోకానికి చాటారు. ఇప్పుడు కలుపు మందులొచ్చాయి. ఒక్క పిచికారీతో అమ్మ కలుపు కూలీ పోయింది, ఆ కొంగున వచ్చే కూరా పోయింది. మందు కొట్టిన చేలో మొలిచిన ఆకు తెంపవద్దు. గంగవాయిలి, పొన్నగంటి రెండూ పెరట్లో తడి చోట గుచ్చితే నాటుకుంటాయి, అలా తెచ్చి పెట్టుకోవడమే ఇప్పుడు మిగిలిన దారి.

ఇక వంట. వంట ఆడవాళ్ళ పని అనుకునే తమ్ముళ్ళు హైదరాబాదులోనో విజయవాడలోనో రూము తీసుకున్న మొదటి వారంలోనే మారిపోతారు. ఆ తెలివి ముందే తెచ్చుకుంటే సెలవుల్లో అమ్మ ఇంటికొచ్చేసరికి కూర తయారుగా ఉంటుంది. ఆకుకూరను తరగక ముందే కడగాలి, తరిగాక కడిగితే సారం నీళ్ళలో పోతుంది. ఉడికించిన నీళ్ళు వార్చెయ్యకుండా అందులోనే పులుసో పప్పో చెయ్యాలి. ఆకులోని ఎ విటమిన్ ఒంటికి పట్టాలంటే చెంచాడు నూనె ఉండాలి. ఐరన్ పట్టాలంటే పుల్లటిది ఉండాలి, దించాక నిమ్మకాయ పిండడం అందుకే. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ చాలావరకు పట్టదు. గంట ఆగి తాగమని అమ్మకు చెప్పండి. వింటుందని హామీ ఇవ్వలేం.

తోటకూర పులుసుకు కాడలతో సహా తరగాలి. ముందు కాడలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ఉడికించి, తర్వాత ఆకు వేసి, మగ్గాక పలుచటి చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, చిన్న బెల్లం ముక్క. చివర వెల్లుల్లి, ఎండుమిర్చి తిరగమోత. పావు గ్లాసు కందిపప్పుకు రెండు గుప్పెళ్ళ గోంగూర కలిపితే నలుగురికి పప్పు అవుతుంది, చింతపండు కూడా కలిసొస్తుంది. గోంగూరలోగాని సొరకాయలోగాని ఎండు రొయ్యలు గుప్పెడు వేయించి వేస్తే దాని రుచి చెప్పనక్కరలేదు, మాంసకృత్తులూ అందుతాయి. రొయ్యల తలలు తుంచి, ఇసుక పోయేలా వేడినీళ్ళలో కడగడం మర్చిపోవద్దు. బీరకాయ తొక్కు, సొరకాయ తొక్కు పారెయ్యకుండా పచ్చిమిర్చి, చింతపండుతో మగ్గించి నూరితే మరునాటి పచ్చడి. చామదుంపలు నాలుకకు దురద పెట్టకుండా చింతపండు పులుసులో బాగా ఉడకాలి. కాపు ఎక్కువైన రోజుల్లో వంకాయ, గోరుచిక్కుడు, దోస ముక్కలు ఉప్పు రాసి ఎండబెట్టి వరుగులు చేస్తే మే నెలలో కూర లేని రోజుకు అక్కరకొస్తాయి.

చివరగా, హాస్టల్‌కు తెచ్చుకోదగినది మునగాకు కారప్పొడి. లేత ఆకు దూసి కడిగి, నీడన రెండు మూడు రోజులు గలగలలాడేలా ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగూ సారమూ పోతాయి. నాలుగు గుప్పెళ్ళ ఎండాకుకు పది పన్నెండు ఎండుమిర్చి, రెండు చెంచాల చొప్పున శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, చెంచా జీలకర్ర విడివిడిగా దోరగా వేయించి, ఆకును చివర పెనం వేడికే ఒక్కసారి తిప్పి, చిన్న ఉండ చింతపండు, ఉప్పు, వెల్లుల్లి రెబ్బలతో రోట్లో దంచాలి. వేడన్నంలో చెంచా నూనెతో కలుపుకుంటే ఆ పూట సాంబారులో ముక్క లేకపోయినా ఫర్వాలేదు. తడి చెంచా తగలకుండా చూస్తే డబ్బాలో నెలరోజులు నిలవుంటుంది. గదిలో పన్నెండు మంది ఉంటే మాత్రం నాలుగు రోజులే.